ఆరు గంటల దాకా నీళ్ళు మావి

“పావుగంటే కదే కోడలా! పావుగంటకే మీ ఆకుమడి మాడిపోతాదేటి?” అన్నాడు ధనరాజ్ మావ.

యమున పార పట్టుకుని కాలువ గట్టు మీద నిలబడి ఉంది. యమునకి పదకొండేళ్ళు, ఆరో తరగతి. ఆరోజు ఆదివారం. ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా కాలువలో నీళ్ళు యమునా వాళ్ళవి. అమ్మ చిన్నతల్లి పొద్దున్నే గోగు చేలో కలుపు తీయడానికి కూలికి వెళ్తూ పదిసార్లు చెప్పింది.

“గట్టు మీద నుంచి కదలకు. ఎవులేటి సెప్పినా ఇనకు. ఈ పూట తప్పితే మళ్ళీ గురువారం సాయంత్రం దాకా నీళ్ళు రావు.”

ఆషాఢం సగం అయిపోయినా ఆ ఏడు వానలు లేవు. చెరువు అడుగంటుతోంది. అందుకని ఊళ్ళో రైతులంతా కూర్చుని వంతులు పెట్టుకున్నారు. ఒక్కొక్కరికి నాలుగు రోజులకొకసారి గంటన్నర నీళ్ళు. వంతు ఎవరిదో వాళ్ళ మనిషి ఒకరు గట్టు మీద ఉండాలి. ఆ మనిషి ఇస్తానంటే ఇచ్చినట్టే, ఇవ్వనంటే ఇవ్వనట్టే. పెద్దవాళ్ళా, చిన్నపిల్లలా అని చూడరు. నీళ్ళు తిప్పే లక్ష్ముడు తాత ఈ మాట దగ్గర చాలా గట్టిగా ఉంటాడు.

యమునా వాళ్ళకి ఉన్నది ఎకరం పొలం. అందులో ఒక మూల ఆకుమడి పోశారు. ఆకుమడి అంటే వరి నారు పెంచే చిన్న మడి. ఆ నారు పీకే పొలమంతా నాటుతారు. నారు ఎండిపోతే నాటడానికి ఏమీ ఉండదు. ఆ ఏడాది ఇంటికి గింజ రాదు.

ఇదంతా యమునకి తెలుసు.

ధనరాజ్ మావ సొంత మేనమామ కాదు. ఊరి వరసకి మావ. ఆయన పొలం పైన ఉంటుంది, వీళ్ళ పొలం కింద. కాలువ ముందు ఆయన గట్టు పక్కనుంచి వచ్చి, తర్వాత వీళ్ళ మడికి చేరుతుంది. వీళ్ళ తర్వాత వంతు కూడా ఆయనదే. ఊళ్ళో ట్రాక్టరున్న మనిషి. నవ్వుతూ మాట్లాడతాడు. ఎప్పుడూ భుజం మీద చెయ్యేసి మాట్లాడతాడు.

“నాకు రాజాంలో పనున్నాది కోడలా. తొందరగా ఎల్లాల. పావుగంట నీళ్ళు నాకొదిలీ. మళ్ళీ నీకే తిప్పేస్తాను. మావనే నమ్మవేటి?”

‘ఇవ్వను’ అనాలని యమునకి ఉంది. ఆ మాట గొంతు దాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది.

“సరే మావా” అంది.

నాకు ఈ ‘సరే’ అంటే ఒళ్ళు మంట. మనసు వద్దు వద్దని మొత్తుకుంటూ ఉంటుంది. నోరు మాత్రం మర్యాదగా ‘సరే’ అనేస్తుంది. ఆ తర్వాత ఆ ‘సరే’కి ఎవరు ఏడవాలి? మనమే.

ధనరాజ్ మావ తన గట్టుకి పారతో గండి కొట్టాడు. కింద కాలువకి మట్టి అడ్డం వేశాడు. నీళ్ళు గలగలమంటూ ఆయన మడిలోకి తిరిగాయి. యమునా వాళ్ళ వైపు కాలువ రెండు నిమిషాల్లో బురదగా మారింది.

యమున చేతికున్న వాచీ చూసుకుంది. ఎనిమిదీ పదిహేను.

ఎనిమిదిన్నర అయింది. యమున ఆయన దగ్గరికి వెళ్ళి నిలబడింది. మావ ఫోన్లో మాట్లాడుతున్నాడు. ఆగు అన్నట్టు చెయ్యి చూపించాడు.

ఎనిమిదీ నలభై అయింది. “మావా...” అంది యమున.

“అయిపోయిందే, అయిపోయింది. ఇదిగో, ఆ మూల తడిసిపోతే అయిపోయినట్టే.”

తొమ్మిది దాటింది. యమున ఇంకోసారి వెళ్ళింది. ఈసారి “మావా” అని కూడా రాలేదు. కాలి బొటనవేలితో మట్టి గీస్తూ నిలబడింది. లోపల మాత్రం కుతకుత ఉడికిపోతోంది. చెంపలు వేడెక్కాయి. ఇంత కోపం ఎప్పుడూ రాలేదు తనకి.

తొమ్మిదీ ఇరవైకి ధనరాజ్ మావ గండి పూడ్చాడు. “ఇదిగో, నీ నీళ్ళు నీకు. మావ మాట తప్పడు” అని నవ్వి, బండెక్కి వెళ్ళిపోయాడు.

పది నిమిషాల తర్వాత లక్ష్ముడు తాత వచ్చాడు. “టైమైపోయిందమ్మా” అన్నాడు.

“తాతా, మాకు నీళ్ళు సాల్లేదు. ధనరాజ్ మావ గంట సేపు...”

“నువ్వు ఇస్తానన్నావా, లేదా?”

యమున తల దించుకుంది.

“అన్నావు గదా. మరి ఇంకేటి సేస్తాం?” అని తాత కాలువ మళ్ళించేశాడు.

ఆకుమడిలో సగం తడిసింది. మిగతా సగం నెర్రెలిచ్చి అలాగే ఉంది.

యమున ఇంటికొచ్చేసరికి తమ్ముడు చినబాబు వాకిట్లో కూర్చున్నాడు. వాడికి ఆరేళ్ళు. పాత సైకిల్ టైరు ఒకటి దొరికింది వాడికి. ఎక్కడో కర్ర కూడా సంపాదించాడు.

“అప్పా! అప్పా! టైరు దొర్లిద్దాం, రాయే!”

యమున వాడి వీపు మీద ఒక్కటి చరిచింది.

చినబాబు ముందు ఏడవలేదు. ఎందుకు కొట్టిందో అర్థంకాక అక్క ముఖం వైపు చూశాడు. తర్వాత పెద్దగా ఏడ్చాడు.

మామ్మ కూర్మమ్మ లోపల్నుంచి వచ్చింది. మోకాళ్ళ నొప్పులతో ఆమె గుమ్మం దాటడమే గొప్ప. విషయమంతా యమున చేత చెప్పించుకుంది. విన్నాక మనవరాలి మీద మండిపడింది.

“గంట నీళ్ళు లాగేసుకున్నోడు రాజాంలో టీ తాగుతన్నాడు. ఈడేటి సేసాడే? టైరు దొర్లిద్దామన్నాడు. అంతే గదా?”

యమున వెళ్ళి దొడ్లో కూర్చుంది.

మధ్యాహ్నం అమ్మ పని నుంచి నేరుగా పొలానికెళ్ళి చూసుకుని ఇంటికొచ్చింది. చెప్పులు ఒకటి ఇటు, ఒకటి అటు విసిరేసింది.

“కళ్ళెక్కడెట్టుకున్నావే? సగం మడి ఎండిపోయి ఉన్నాది! నీకు పదిసార్లు సెప్పాను గదా! ఎందుకిచ్చావు? నోట్లో నాలికనేది ఉన్నాదా, లేదా?”

అమ్మ చాలాసేపు అరిచింది. యమున వింటూ నిలబడింది. తప్పు తనదే.

ఇక్కడి దాకా అయితే నేను ఈ కథ రాసేదాన్ని కాదు. అసలు సంగతి ఆ సాయంత్రం జరిగింది.

ఐదింటికి ధనరాజ్ మావ ట్రాక్టర్ వాళ్ళింటి ముందు ఆగింది. ఇంజను ఆపకుండానే, సీటు మీద నుంచే పలకరించాడు.

“ఏటి చిన్నతల్లీ! మడికి నీళ్ళు సరిపోయాయా?”

సరిపోయాయా అని అడుగుతున్నాడు, వినండి! తీసుకున్నదే తను!

యమున అమ్మ వైపు చూసింది. ఇప్పుడు అమ్మ అడుగుతుంది. కడిగేస్తుంది. మధ్యాహ్నం తన మీద అరిచిన అరుపులన్నీ ఇప్పుడు సరైన చోట అరుస్తుంది.

అమ్మ కొంగు సర్దుకుంది. నవ్వింది.

“పర్లేదన్నయ్యా. ఏదో, అలగలగ సరిపోయాయి.”

ట్రాక్టర్ వెళ్ళిపోయింది. అమ్మ లోపలికి తిరిగింది. గుమ్మంలో యమున అడ్డంగా నిలబడి ఉంది.

“ఆయన మీద ఎందుకు అరవలేదు?” అంది.

“ఏటే?”

“నా మీద అరిసావు గదా. మడి ఎండిపోయిందని అరిసావు గదా. మరి ఆయనొచ్చి అడిగితే పర్లేదన్నావేటి? నవ్వావు కూడాను!”

అమ్మ ముఖం ఎర్రబడింది. చెయ్యెత్తబోయింది. ఎత్తలేదు. గుమ్మం మీద కూర్చుండిపోయింది.

“మీ నాన్న విశాఖపట్నంలో షట్టరింగ్ పనిలో ఉన్నాడు. ఊళ్ళో మగ మనిషి లేడు. రేపు దుక్కికి ఆ ట్రాక్టరే కావాల. ఆయనతో గొడవెట్టుకుంటే మన పొలం ఎవులు దున్నుతారు?”

“ఊరికే దున్నుతన్నాడేటి?” అని లోపల్నుంచి మామ్మ అందుకుంది. “గంటకింతని డబ్బులు గుంజుతన్నాడు గదా!”

“నువ్వూరుకో అత్తా” అని అమ్మ విసుక్కుంది.

ధనరాజ్ మావ మీద రావలసిన కోపం అమ్మ యమున మీద తీర్చుకుంది. యమున చినబాబు మీద తీర్చుకుంది. ఇంట్లో వాడికన్నా చిన్నవాళ్ళు లేరు కాబట్టి అక్కడితో ఆగింది. ఉంటే వాళ్ళకీ ఒకటి పడేది. తప్పు చేసినవాడికి మాత్రం నవ్వు, ‘పర్లేదన్నయ్యా’.

యమున తమ్ముడి దగ్గరికి వెళ్ళింది. “నీ తప్పేటీ లేదురా” అంది.

“మరెందుకు కొట్టావు?” అన్నాడు చినబాబు.

యమున వాడితో కలిసి చీకటి పడేదాకా టైరు దొర్లించింది. కోపం మాత్రం తగ్గలేదు.

మర్నాడు పొద్దున హేమతో కలిసి బడికి బయల్దేరింది. హేమ యమున క్లాసే. ఇద్దరూ ఎప్పుడూ కలిసే వెళ్తారు. రోడ్డు మీద టీ బడ్డీ దగ్గర నలుగురు మనుషుల మధ్య ధనరాజ్ మావ కూర్చుని ఉన్నాడు. గ్లాసు చేత్తో పట్టుకుని పకపకా నవ్వుతున్నాడు.

“ఏటే కోడలా, బడికేనా?” అన్నాడు.

యమునకి కళ్ళు బైర్లు కమ్మాయి. నిన్నటి నుంచి అణచుకున్నదంతా ఒక్కసారిగా బయటికొచ్చేసింది.

“దొంగ! దొంగ మొహం! నీ మొహం మండ! నువ్వు మావవి కాదు, ఏటీ కాదు! నీ ట్రాక్టర్ కాలువలో పడిపోవాల!”

టీ పోసేవాడు గిన్నె అలాగే పట్టుకుని ఉండిపోయాడు.

ధనరాజ్ మావ గ్లాసు కింద పెట్టాడు. చాలా బాధపడినట్టు ముఖం పెట్టాడు.

“సూసారా? మోహనకృష్ణ కూతురు. నా సేతుల మీద పెరిగిన గుంట. నన్నేటి తిడతన్నాదో సూసారా?”

“ఓలమ్మో, ఏటా నోరు!” అని ఒకాయన అన్నాడు. “ఆడపిల్ల ఇలగ మాటాడొచ్చా?” అని ఇంకొకాయన అన్నాడు. “బడిలో ఇయ్యేటి నేర్పుతన్నారు?” అని మూడో ఆయన.

నీళ్ళ మాట ఒక్కరు కూడా ఎత్తలేదు. ఎలా ఎత్తుతారు? వాళ్ళకి తెలియదు.

మధ్యాహ్నానికి సంగతి ఊరంతా పాకింది. సాయంత్రం అమ్మ యమునని చెయ్యి పట్టుకుని ధనరాజ్ మావ ఇంటికి లాక్కెళ్ళింది. “తప్పయిపోయిందన్నయ్యా, సిన్నపిల్ల” అంది. యమున చేత కూడా అనిపించింది. ధనరాజ్ మావ మంచం మీద కూర్చుని, “పోన్లే, సిన్నపిల్ల. నాను మనసులో ఎట్టుకోను” అన్నాడు. నీళ్ళు తీసుకున్నవాడు మంచివాడైపోయాడు. పోగొట్టుకున్నవాళ్ళు చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఇంతకన్నా ఒళ్ళు మండే సంగతి ఉంటుందా, మీరే చెప్పండి.

మంగళవారం బడికి వెళ్ళేటప్పుడు యమున దారంతా గొణుగుతూనే ఉంది. ఊళ్ళో అందరూ ధనరాజ్ మావ పక్షమేనంది. తనకి ఎవరూ లేరంది. హేమ చాలాసేపు విన్నాక ఆగిపోయింది.

“అసలు ఏటయ్యిందే?” అంది.

“ఏటయ్యిందేటి? నువ్వు నిన్న పక్కనే ఉన్నావు గదా!”

“ఉన్నాను. దొంగ అన్నావు. మొహం మండ అన్నావు. ట్రాక్టర్ కాలువలో పడాలన్నావు. ఆయనేటి దొంగతనం సేసాడో సెప్పలేదు. నాకే తెల్లేదు, ఆళ్ళకేటి తెలుస్తాది?”



నిజమే. యమున అన్ని మాటలన్నది. ‘పావుగంట అడిగి గంట తీసుకున్నాడు’ అన్న మాట మాత్రం అనలేదు. అనవలసింది అదొక్కటే.

“నువ్వు తిడితే, అందరూ తిట్టు గురించే మాటాడారు” అంది హేమ. “ఆయనకి బాగా కలిసొచ్చింది.”

హేమ మీద కూడా కోపం వచ్చింది యమునకి. కానీ ఆ మాట బుధవారం అంతా బుర్రలో తిరిగింది. ఆదివారం నోరు మూసుకుంది, నీళ్ళు పోయాయి. సోమవారం నోరు పారేసుకుంది, పరువు పోయింది. రెండుసార్లూ ధనరాజ్ మావకే లాభం.

గురువారం వచ్చింది. సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు దాకా వీళ్ళ వంతు. అప్పటికే ఆకుమడిలో తడవని సగం పసుపుపచ్చగా తిరిగింది. ఆకుల కొనలు కాలినట్టు అయిపోయాయి. పొద్దున మామ్మ ఒక మొక్క పీకించుకుని వేరు చూసింది.

“ప్రాణం ఉన్నాది” అంది. “ఈ పూట నీళ్ళు పడితే లేస్తాది. పడకపోతే పీకి పశువులకేసుకోవడమే.”

అమ్మ ఆరోజు పక్కూళ్ళో బోరు కింద ఉభాలకి, అంటే నాట్ల కూలికి, వెళ్ళాలి. వెళ్ళకపోతే ఆ ముఠావాళ్ళు మళ్ళీ పిలవరు. మామ్మ గట్టు ఎక్కలేదు.

“నాను ఎల్తాను” అంది యమున.

అమ్మ నమ్మకం లేనట్టు చూసింది. “ఆయనతో ఏటీ మాటాడకు. తిట్టకు. నాను ఐదున్నరకల్లా వచ్చేస్తాను.”

“తిట్టను” అంది యమున. మాట్లాడననలేదు.

బడి వదిలిన వెంటనే యూనిఫాంతోనే పరుగెత్తింది. లక్ష్ముడు తాత సరిగ్గా నాలుగున్నరకి నీళ్ళు వదిలాడు. యమున ఈసారి తన మడి దగ్గర నిలబడలేదు. పైకి నడిచి, ధనరాజ్ మావ గండి కొట్టే చోట గట్టు మీద నిలబడింది. పార మట్టిలో దిగేసింది. కింద కాలువలో నీళ్ళు సన్నగా, ఆగకుండా వాళ్ళ మడి వైపు పారుతున్నాయి.

ఐదుకి ధనరాజ్ మావ వచ్చాడు. భుజం మీద పార.

“ఏటే కోడలా! మావ మీద కోపం పోయిందా?” అని నవ్వాడు. “పది నిమిషాలు నీళ్ళొదులు. నా మడి పై మూల కూడా ఎర్రబడతన్నాది. ఎలాగూ నీ తర్వాత నా వంతే గదా.”

అబద్ధం చెప్పడం ఎందుకు, యమునకి బాగా భయం వేసింది. ఎప్పటిలాగే ‘సరే మావా’ నాలిక చివరికి వచ్చి కూర్చుంది.

“లేదు మావా” అంది. “ఆరు గంటల దాకా నీళ్ళు మావి.”

“పది నిమిషాలేనే!”

“లేదు మావా. ఆరు గంటల దాకా నీళ్ళు మావి.”

ధనరాజ్ మావ నవ్వు తగ్గింది. “పెద్దోళ్ళు అడిగితే లేదంటారా? మీయమ్మ ఇదేనా నేర్పింది?”

యమునకి మళ్ళీ ఒళ్ళు మండింది. సోమవారం అన్న మాటలన్నీ నోటి దగ్గరికి పరుగెత్తుకొచ్చాయి. పళ్ళు బిగించింది. కోపాన్ని తిట్టులోకి పోనివ్వలేదు. మాటలోనే ఉంచింది.

“నువ్వంటే గౌరవం ఉన్నాది మావా. నీళ్ళు మాత్రం ఇవ్వను.”

“మీ పొలం దున్నడానికి నా ట్రాక్టరే కావాల. గుర్తున్నాదా?”

అమ్మ భయపడేది ఈ మాటకే. యమునకీ భయం వేసింది.

“ట్రాక్టర్ సంగతి అమ్మతో మాటాడు మావా. నీళ్ళ సంగతి నాతో మాటాడు. నీళ్ళు ఇవ్వను.”

ధనరాజ్ మావకి ఇక ఓపిక అయిపోయింది. “సాల్లే, తప్పుకో!” అని పార ఎత్తాడు.

యమున తప్పుకోలేదు. ఆయన గండి కొట్టబోయే చోట, ఆ బురదలో, యూనిఫాంతో చతికిలబడి కూర్చుంది. రెండు చేతులతో గట్టు పట్టుకుంది.

“లే!”

“లేవను.”

“లేస్తావా, లేదా?”

“లేవను. ఆరు గంటల దాకా నీళ్ళు మావి!” ఈసారి గట్టిగా అంది. గడ్డిమోపులు ఎత్తుకుని గట్టు మీద వెళ్తున్న ఇద్దరు ఆడవాళ్ళు ఆగిపోయి చూశారు.

అరుపులు విని లక్ష్ముడు తాత కర్ర పట్టుకుని వచ్చాడు. “ఏటి గొడవ?” అన్నాడు.

“పది నిమిషాలు అడిగితే ఈ గుంట బురదలో కూర్చుంది బాబాయ్! సూడు దీని పెంకితనం!”

తాత యమున వైపు తిరిగాడు. “ఏటమ్మా?”

యమున కూర్చునే చెప్పింది. ఒక్కొక్క మాటే, నెమ్మదిగా, అందరికీ వినబడేలా.

“తాతా, ఆదివారం మావ పావుగంట అడిగాడు. నాను సరే అన్నాను. గంట పైన తీసుకున్నాడు. మా మడి సగం ఎండిపోయింది. ఈరోజు మళ్ళీ అడిగాడు. నాను సరే అనలేదు.”

గడ్డిమోపులవాళ్ళు ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. “గంటా?” అంది ఒకామె.

“అదేటంటే...” అని ధనరాజ్ మావ మొదలుపెట్టాడు. పూర్తి చెయ్యలేదు.

“పిల్ల ఇవ్వనంది గదా” అన్నాడు లక్ష్ముడు తాత. “అయితే ఇవ్వనట్టే. పార దించు ధనరాజూ.”

ధనరాజ్ మావ పార దించాడు. తన పొలం అవతలి గట్టు మీదికి వెళ్ళి, అటు తిరిగి కూర్చున్నాడు.

అప్పుడే అమ్మ పరుగు పరుగున వచ్చింది. కాళ్ళకి నాట్ల బురద అలాగే ఉంది. దారిలో ఎవరో ఏదో చెప్పినట్టున్నారు. బురదలో కూర్చున్న కూతుర్ని చూసింది. నడుం దాకా తడిసిన యూనిఫాం చూసింది. యమున తిట్లు తినడానికి సిద్ధమైపోయింది.

“సూడు చిన్నతల్లీ!” అని అవతలి గట్టు నుంచి ధనరాజ్ మావ అరిచాడు. “మీ గుంటకి కాస్త పద్ధతి నేర్పు!”

అమ్మ కొంగు సర్దుకుంది. ముఖం మీదికి ఆ పాత నవ్వు రాబోయింది. యమున చూస్తూనే ఉంది. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది.

“నీళ్ళు మావే గదా అన్నయ్యా” అంది అమ్మ.

పెద్దగా అనలేదు. కానీ అంది. ఆ తర్వాత చీర పైకి దోపుకుని, నీళ్ళు మూలమూలకీ చేరేలా మడిలో దిగి చేతులతో మట్టి సర్దడం మొదలుపెట్టింది.

నెర్రెలు నీళ్ళు తాగుతుంటే బుడగలు వచ్చాయి. పసుపుపచ్చ నారు కింద నేల నల్లబడింది. నీళ్ళు మెల్లగా అవతలి మూల వైపు పాకాయి.

యమున వాచీ చూసుకుంది. ఐదూ యాభై ఎనిమిది. అవతలి మూలలో చాప వేసేంత చోటు ఇంకా తడవలేదు. ఆరు దాటాక ఇంకో ఐదు నిమిషాలు పారితే అదీ తడుస్తుంది. లక్ష్ముడు తాత కాలువ పైకి వెళ్ళిపోయాడు. ధనరాజ్ మావ అటు తిరిగే కూర్చున్నాడు. ఆయన టైం చూసుకోవడం లేదు. ఆదివారం ఆయన తీసుకున్నది గంట. తను తీసుకునేది ఐదే నిమిషాలు. కోపం ఇంకా చల్లారలేదు యమునకి. తీసుకుంటే తప్పేముంది అనిపించింది.

అమ్మ తలెత్తి చూసింది. “టైమెంతయిందే?” అంది.

యమున వాచీ చూసుకుంది. సరిగ్గా ఆరు. తడవని మూల వైపు ఒకసారి చూసింది. లేచి నిలబడింది. పార తీసుకుని కింద కాలువకి మట్టి అడ్డం వేసింది. తను కూర్చున్న చోటే ధనరాజ్ మావ గట్టుకి గండి కొట్టింది. నీళ్ళు ఆయన మడిలోకి తిరిగాయి.

“మావా!” అని గట్టు మీద నుంచి కేకేసింది. “ఆరయ్యింది! నీ వంతొచ్చింది, రా!”

ఆ కేక రోడ్డు దాకా వినబడింది.